పెరట్లో బంగాళాదుంప: భేజ్జి లాంటి వేడి పల్లెల్లో ఎలా, ఎంతవరకు?

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, సుక్మా జిల్లా కోంటా బ్లాకులో ఉన్న పల్లె భేజ్జి. ఇటు ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, అటు తెలంగాణలోని చర్ల, దుమ్ముగూడెం మండలాలకు దగ్గరగా ఉన్న ప్రాంతమిది. ఇక్కడి దోర్లాలు మాట్లాడే కోయ మాండలికంలో తెలుగు పాలు ఎక్కువ. పత్రికల్లో మాత్రం ఈ పేరు యుద్ధ వార్తలతోనే వినిపించింది. 2017 మార్చి 11న ఇంజరం–భేజ్జి రోడ్డు పనుల రక్షణకు వెళ్లిన 12 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు మావోయిస్టుల దాడిలో చనిపోయినప్పుడు దేశమంతా ఈ ఊరి పేరు విన్నది. రోడ్డు కోసం ఇంత పెనుగులాట జరిగిన చోట వంటింటి సరుకు సంగతి ఎవరికీ పట్టదు. కానీ వారపు సంతలో ఉల్లిపాయ తర్వాత అందరూ కొనే కూరగాయ బంగాళాదుంపే. అది ఎక్కడో ఉత్తరాది పొలాల్లో పండి, శీతల గిడ్డంగుల్లో నెలలు గడిపి, లారీలు మారి ఇక్కడికి చేరుతుంది. దాన్ని ఇంటి పెరట్లోనే పండించుకోవచ్చా? పండించుకోవచ్చు. అయితే చలికాలంలోనే, కొన్ని షరతుల మీదే. ఆ షరతులు భేజ్జికే కాదు, భద్రాచలం, చింతూరు, ఖమ్మం, రాజమండ్రి వంటి వేడి ప్రాంతాల పెరళ్లన్నిటికీ వర్తిస్తాయి.

వేరు కాదు, కాండం

తెలుగులో దీనికి మూడు పేర్లు ప్రధానంగా ఉన్నాయి. కోస్తాలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ. మొదటి పేరులో బెంగాల్, మూడో పేరులో తమిళం వినిపిస్తాయి. దుంప పుట్టిల్లు మాత్రం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. అక్కడి రైతులు వేల ఏళ్ల కిందటే దీన్ని సాగులోకి తెచ్చారు. మన దేశానికి 17వ శతాబ్దంలో పోర్చుగీసుల ద్వారా వచ్చింది. మరాఠీ, గుజరాతీలలో వాడే ‘బటాటా’ అన్న మాట వాళ్లు వదిలి వెళ్లిన గుర్తు. నేడు ప్రపంచంలో చైనా తర్వాత ఎక్కువ పండిస్తున్న దేశం భారతదేశమే.

వంగ, టమాటా, మిరప ఏ కుటుంబానివో బంగాళాదుంప కూడా ఆ కుటుంబానిదే. చిలగడదుంపతో దీనికి చుట్టరికం లేదు. చిలగడదుంప ఊరిన వేరు. బంగాళాదుంప ఊరిన కాండం. మొక్క మొదలు నుంచి మట్టిలోకి సన్నని కొమ్మలు పాకుతాయి. వాటి కొసలు ఉబ్బితే దుంపలవుతాయి. దుంప మీది ‘కళ్లు’ కొమ్మ మీది కణుపుల వంటివి. ఈ ఒక్క సంగతి తెలిస్తే సాగులో సగం అర్థమైనట్టే. పాకే కొమ్మకు వెలుతురు తగిలితే అది దుంప కట్టడం మాని ఆకులు వేస్తుంది. ఊరిన దుంపకు వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. అందుకే మొదట్లోకి మట్టి ఎగదోయడం ఈ పంటలో తప్పనిసరి.

చలి లేనిదే దుంప లేదు

బంగాళాదుంప ఆకు వేడిని కొంత ఓర్చుకుంటుంది; దుంప ఓర్చుకోదు. నేల వేడి 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే దుంప బాగా ఊరుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటే కొద్దీ ఊరడం తగ్గుతుంది. నేల 30 డిగ్రీలకు చేరితే దాదాపు ఆగిపోతుంది. అప్పుడు మొక్క పైకి ఏపుగా, పచ్చగా కనిపిస్తుంది, తవ్వితే గోలీకాయలు దొరుకుతాయి. ‘ఆకు బాగుంది, దుంప లేదు’ అని తెలుగు ప్రాంతాల్లో మిద్దెతోటల వాళ్లు వాపోవడానికి కారణం చాలాసార్లు ఎరువు కాదు, నాటిన నెల.

ఒకే రాష్ట్రంలో ఎత్తును బట్టి పంటకాలం ఎలా తారుమారవుతుందో ఛత్తీస్‌గఢ్ చూపిస్తుంది. ఉత్తరాన సర్గుజా జిల్లాలోని మైన్‌పాట్ సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల పైన ఉన్న పీఠభూమి. 1960ల మొదట్లో టిబెట్ శరణార్థులు స్థిరపడిన చోటు. అక్కడ వానాకాలంలోనే బంగాళాదుంప పండుతుంది. బస్తర్ పీఠభూమి మీద సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న జగదల్‌పూర్‌లో చలికాలం సాగుకు అనువు. అక్కడి నుంచి దక్షిణంగా శబరి నది వెంట దిగే కొద్దీ ఎత్తు పడిపోతుంది, చలి పలచబడుతుంది. కోంటా, భేజ్జి ప్రాంతం ఆ వాలుకు కింది కొసన ఉంది. ఇక్కడ వానాకాలం నాటితే వేడి, తడి కలిసి విత్తనం మొలవక ముందే కుళ్లుతుంది. వేసవిలో నాటితే దుంపే కట్టదు. మిగిలేది ఒక్క చలికాలమే.

అంటే నాటడానికి ఉన్న వ్యవధి చిన్నది. అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య వరకు. వానలు వెనుదిరిగి, రాత్రులు చల్లబడ్డాక నాటాలి. దుంప ఊరే రోజులు డిసెంబరు, జనవరి నెలల్లో పడాలి. డిసెంబరులో నాటితే దుంప ఊరే సమయానికి ఫిబ్రవరి ఎండ ముదురుతుంది. అందుకని 70 నుంచి 90 రోజుల్లో చేతికొచ్చే రకాలే ఎంచుకోవాలి.

రకాలు: పేరులో కుఫ్రీ ఎందుకు?

మన దేశపు బంగాళాదుంప రకాల్లో చాలావాటి పేర్లు ‘కుఫ్రీ’ అని మొదలవుతాయి. కేంద్రీయ బంగాళాదుంప పరిశోధనా సంస్థ 1949లో పట్నాలో మొదలై, 1956లో సిమ్లాకు మారింది. సిమ్లా దగ్గరి కుఫ్రీ గ్రామంలో దాని ప్రయోగ క్షేత్రం ఉంది. ఆ ఊరి పేరే రకాలకు ఇంటిపేరైంది.

వేడి ప్రాంతాల పెరళ్లకు ముందుగా చూడాల్సింది కుఫ్రీ సూర్య. 2006లో విడుదలైన ఈ రకాన్ని వేడిని తట్టుకోవడానికే రూపొందించారు. మిగతా రకాలు వెనుకాడే 20–22 డిగ్రీల రాత్రుల్లోనూ ఇది దుంప కడుతుంది. 1972 నాటి కుఫ్రీ లవ్‌కర్ దక్కను పీఠభూమికి అనువైన స్వల్పకాలిక రకం. కుఫ్రీ పుఖ్‌రాజ్, కుఫ్రీ ఖ్యాతి కూడా త్వరగా వచ్చేవే. ఏ రకం దొరికినా, విత్తనం కోసం అమ్మిన దుంప కావడం ముఖ్యం.

విత్తనం దగ్గరే అసలు చిక్కు

సంతలో కొన్న దుంపను నాటవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. నాటితే మొలవవచ్చు. చిక్కులు మూడు. మొదటిది, శీతల గిడ్డంగుల్లో కొన్ని దుంపలకు మొలకెత్తకుండా మందు పట్టిస్తారు. అవి పెరట్లో ఎంత ఎదురుచూసినా సరిగా మొలవవు. రెండోది, తాజాగా తవ్విన దుంప రెండు, రెండున్నర నెలలు నిద్రావస్థలో ఉంటుంది. ఆ గడువు తీరితేనే కళ్లు మేల్కొంటాయి. మూడోది కంటికి కనపడదు. వైరస్‌లు. పేనుబంక ఒక మొక్క నుంచి మరో మొక్కకు వీటిని మోస్తుంది. మొక్కలోకి చేరిన వైరస్ దుంపలోకి, దుంప నుంచి వచ్చే ఏడాది మొక్కలోకి దిగుతుంది. ఏటా అదే విత్తనం వాడితే ఆకు ముడుచుకుంటుంది, దుంప చిన్నదవుతుంది, కొన్నేళ్లకు పంట చేయిజారుతుంది. రైతులు దీన్నే విత్తనం నీరసించడం అంటారు.

ఉత్తరాది మైదానాల్లో చలికాలం కొన్ని వారాలు పేనుబంక చాలా తక్కువగా ఉంటుంది. ఆ వ్యవధిలో విత్తన పంట తీసి, పేనుబంక పెరగక ముందే ఆకు కోసేసే పద్ధతిని శాస్త్రవేత్త పుష్కర్‌నాథ్ రూపొందించారు. పర్వతాల నుంచి విత్తనం తెచ్చుకునే అవసరాన్ని అది చాలా వరకు తప్పించింది. దక్షిణాదిలో అంత శుభ్రమైన వ్యవధి దొరకదు. అందుకే ఇక్కడి రైతులు ఉత్తరాది విత్తనం మీద ఆధారపడుతున్నారు. కర్ణాటకలో అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం తోడ్పాటుతో కొసల కత్తిరింపులకు వేళ్లు పుట్టించి, ఆ నారుతోనే విత్తనం తయారుచేసే పద్ధతి సాగుతోంది. అలాంటి ఏర్పాటు దగ్గరలో ఉంటే తప్ప పెరటి సాగు ఏటా కొత్త విత్తనం కొనక తప్పదు.

ఇంట్లో దాచుకుందామంటే ఎండాకాలం అడ్డు నిలుస్తుంది. ఫిబ్రవరిలో తవ్విన దుంప అక్టోబరు దాకా ఎనిమిది నెలలు నిలవాలి. పలచని వెలుతురు పడే గదిలో, ఒకే వరుసగా పరిస్తే పొట్టి, గట్టి మొలకలతో కొన్ని నెలలు ఉంటుంది. చల్లని కొండల్లో ఈ ఉపాయం చాలు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే పల్లెల్లో చాలదు. శీతల గిడ్డంగి లేనిచోట సొంత విత్తనం అన్న మాట బంగాళాదుంప విషయంలో కుదరదు. పెరటి సాగు మొదలుపెట్టే ముందే ఈ ఖర్చును లెక్కలో వేసుకోవాలి.

పావు సెంటు లెక్క

పావు సెంటు అంటే సుమారు 10 చదరపు మీటర్లు. ఒక ఇంటి పెరటికి మంచి కొలత. వరుసల మధ్య 50 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు వదిలితే 100 మొక్కలు పడతాయి. 40 గ్రాముల దుంప ముక్క చొప్పున 4 కిలోల విత్తనం కావాలి. దేశ సగటు దిగుబడి ప్రకారమైతే ఈ జాగాలో 24 కిలోల వరకు రావాలి. చలి తక్కువగా ఉండే చోట అందులో సగం వచ్చినా మంచి పంటే.

నేల గుల్లగా, నీరు నిలవకుండా ఉండాలి. ఇసుక కలిసిన ఎర్ర నేల నల్లరేగడి కన్నా మేలు. రేగడిలో దుంప వంకరలు తిరుగుతుంది, తవ్వడమూ కష్టం. పావు సెంటుకు 20–25 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు వస్తుంది. కాస్త ఆమ్ల గుణమున్న నేలను ఈ పంట ఇష్టపడుతుంది. పొయ్యి బూడిదలో పొటాష్ ఉంటుంది కాబట్టి కొద్దిగా మంచిదే. గంపలకొద్దీ పోస్తే క్షారం పెరిగి దుంప మీద గజ్జి మచ్చలు వస్తాయి. యూరియా వాడేవాళ్లు పావు సెంటుకు మొత్తం పావు కిలోకు మించకుండా, సగం నాటేటప్పుడు, సగం మట్టి ఎగదోసేటప్పుడు వేస్తే చాలు.

గిడ్డంగి నుంచి తెచ్చిన విత్తనాన్ని పది రోజుల ముందే బయట నీడలో పరచాలి. కళ్ల నుంచి పొట్టి మొలకలు వచ్చాక నాటాలి. పెద్ద దుంపను కోస్తే ప్రతి ముక్కకు కనీసం రెండు కళ్లు ఉండాలి. కోసిన ముక్కలను రెండు మూడు రోజులు నీడలో ఆరబెడితే కోత మీద పొర కడుతుంది. వేడి నేలలో కోసిన ముక్క త్వరగా కుళ్లుతుంది కాబట్టి కోడిగుడ్డంత చిన్న దుంపను కోయకుండా నాటడమే క్షేమం. ఐదారు సెంటీమీటర్ల లోతులో నాటి, మీద బోదె కట్టాలి. మొక్క జానెడు ఎదిగాక, అంటే నాటిన 25–30 రోజులకు, మొదళ్లకు మట్టి ఎగదోయాలి. మూడు వారాల తర్వాత మళ్లీ ఒకసారి.

మిద్దెతోటల్లో 40–50 లీటర్ల గ్రోబ్యాగు ఒక్కోదానిలో రెండు మూడు మొక్కలు పెట్టవచ్చు. మొదట సగం వరకే మట్టి నింపి, మొక్క ఎదిగే కొద్దీ మట్టి పోస్తూ రావాలి. సంచి పక్కలకు ఎండ నేరుగా కొడితే లోపలి మట్టి వేడెక్కుతుంది. నీడ పడే వైపు వరుసగా ఉంచడం మంచిది.

నీళ్లు, గడ్డి, కంచె

ఈ పంటకు మొత్తం మీద 300 నుంచి 400 మిల్లీమీటర్ల నీరు కావాలి. పావు సెంటుకు లెక్కవేస్తే 3,000 నుంచి 4,000 లీటర్లు. ఇరవై లీటర్ల బకెట్లతో అయితే 150 నుంచి 200 బకెట్లు. పెరట్లో బావో మోటారో ఉన్న ఇంటికి ఇది లెక్కలోకి రాదు. చేతిపంపు దగ్గర వరుసలో నిలబడే ఇంటికి ఇది మూడు నెలల పాటు ఒక మనిషి పని. ఎక్కువ ఇళ్లలో ఆ మనిషి స్త్రీ. ‘పెరట్లో పండిస్తే ఖర్చు ఉండదు’ అనే సలహాల్లో ఈ బకెట్ల లెక్క కనిపించదు.

బరువు తగ్గించే ఉపాయం వరిగడ్డి. బస్తర్‌లో ఎక్కువ పొలాలకు వరి ఒక్కటే పంట. కోతలయ్యాక గడ్డి చేతిలో ఉంటుంది. వరుసల మధ్య, మొదళ్ల చుట్టూ బెత్తెడు మందాన గడ్డి కప్పితే తడి ఆరదు, నేల చల్లగా ఉంటుంది, కలుపు రాదు. పశ్చిమ బెంగాల్ సుందర్‌బన్ ప్రాంతంలో వరి కోసిన తడి మళ్లను దున్నకుండానే విత్తనం పెట్టి, మీద మందంగా గడ్డి కప్పి బంగాళాదుంప పండిస్తున్నారు. తవ్వే పని లేదు, గడ్డి తొలగిస్తే దుంపలు కనిపిస్తాయి. గడ్డి పలచబడితే మాత్రం దుంపలు పచ్చబడతాయి.

ఇక కంచె. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో వరి కోతల తర్వాత పశువులను విడిచిపెట్టడం ఆనవాయితీ. సరిగ్గా ఆ నెలల్లోనే బంగాళాదుంప పచ్చగా ఉంటుంది. రాష్ట్రంలో గత కాంగ్రెస్ ప్రభుత్వం వాగు, పశువు, ఎరువు, పెరడు అనే నాలుగింటిని కలిపి ‘నర్వా, గరువా, ఘురువా, బారీ’ పథకం పెట్టింది. పెరడు బతకాలంటే పశువు కట్టుబాటులో ఉండాలన్న సంగతి ఆ పేరులోనే ఉంది. ముళ్లకంప కంచె, వెదురు దడి లేకుండా చలికాలపు పెరటి పంట నిలవదు.

తెగుళ్లు

1845లో ఐర్లండ్‌ను తాకిన తెగులును ఇంగ్లీషులో లేట్ బ్లైట్ అంటారు. ఆ కరవులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది దేశం విడిచారు. చల్లని తడి వాతావరణంలో ఆకుల మీద నీరు కారినట్టు మచ్చలు లేచి, కొద్ది రోజుల్లో మడి మొత్తం మాడిపోతుంది. భేజ్జి లాంటి చోట పొగమంచు, ముసురు వరుసగా కొన్ని రోజులు పడితే తప్ప దీని బెడద తక్కువ. మచ్చ పడ్డ మొక్కను వెంటనే పీకి దూరంగా పూడ్చాలి.

వేడి నేలల్లో ఎక్కువ భయపడాల్సింది బ్యాక్టీరియా ఎండు తెగులుకు. పచ్చని మొక్క ఒక్కసారిగా వాడిపోతుంది. నీళ్లు పోసినా కోలుకోదు. కాండం మొదలును కోసి గ్లాసుడు మంచినీళ్లలో వేలాడదీస్తే కోత నుంచి పాలలాంటి తీగ దిగుతుంది. అదే గుర్తు. దీనికి మందు లేదు. వంగ, టమాటా, మిరప వేసిన చోట మూడేళ్లు బంగాళాదుంప వేయకపోవడం, తెగులు చూసిన మడి నీటిని పక్క మడికి పారించకపోవడం మాత్రమే మార్గాలు. దుంప తొలిచే పురుగు మట్టి పగుళ్లలోంచి దిగి గుడ్లు పెడుతుంది. దుంపలు బయటపడకుండా మట్టి కప్పి ఉంచితే దాన్ని చాలా వరకు ఆపవచ్చు.

తవ్వడం, దాచడం, పచ్చ దుంప

ఆకు పండుబారడం మొదలైతే నీళ్లు ఆపాలి. పైమొక్కను కోసేసి పది, పదిహేను రోజులు ఆగితే దుంప తోలు గట్టిపడుతుంది. తోలు బొటనవేలికి ఊడిరాకపోతే తవ్వే సమయమైనట్టు. పొద్దున్నే తవ్వి నీడలోకి చేర్చాలి. దెబ్బ తగిలినవి ముందు వండుకోవాలి. మిగిలినవి చీకటిగా, గాలి ఆడే చోట పలచగా పరిస్తే రెండు నెలలు నిలుస్తాయి. గోనెసంచిలో కుక్కి మూలన పెడితే వేడికి, గాలి అందక లోపల నల్లబడతాయి.

వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలో సొలనిన్ వంటి విషపదార్థాలు పెరుగుతాయి. వంద గ్రాముల దుంపలో ఇవి 20 మిల్లీగ్రాములకు మించకూడదన్నది ఆమోదించిన పరిమితి. మించితే వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి వస్తాయి. ఉడికించినా ఈ విషం పోదు. కొద్దిగా పచ్చదనం ఉంటే ఆ భాగాన్ని, మొలకలను లోతుగా చెక్కేయాలి. ఎక్కువగా పచ్చబడినదాన్ని, చేదుగా ఉన్నదాన్ని పారేయాలి. ఆకులు, కాయలు తినకూడదు.

ఈ హెచ్చరిక బస్తర్ అడవి పల్లెల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొన్ని అడవి దుంపల్లోని విషాన్ని ఎలా తీయాలో ఇక్కడివాళ్లకు తరతరాలుగా తెలుసు. సన్నగా తరిగి పారే నీటిలో నానబెట్టడం, బూడిదతో ఉడికించడం వాళ్ల విద్య. ఆ విద్య పచ్చబడిన బంగాళాదుంపకు పనికిరాదు. దీని విషం తోలులో, తోలు కిందే ఎక్కువ. దాన్ని కోసి పారేయడమే దారి.

పాత దుంపల పక్కన కొత్త దుంప

బస్తర్ పెరళ్లకు దుంపలు కొత్త కాదు. కంద, పెండలం, చేమ, చిలగడదుంప ఇక్కడి బారీల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. జగదల్‌పూర్‌లో 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు నాయకుడు గుండాధుర్ పేరుతో ఉన్న వ్యవసాయ కళాశాల కేంద్రంగా దుంప పంటల మీద పరిశోధన కూడా సాగుతోంది. పెండలం తల ముక్కను మళ్లీ పాతిపెడితే వచ్చే ఏడాదికి విత్తనం అదే. చేమ పిలకలూ అంతే. వీటికి గిడ్డంగి అక్కర్లేదు. కంద, పెండలం అవసరమైనంత కాలం మట్టిలోనే దాగుతాయి. వానతో మొలుస్తాయి కాబట్టి బకెట్లు మోయనక్కర్లేదు.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక కోంటా ప్రాంతంలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరు ఇంజరం, దోర్నపాల్, ఎర్రబోర్ శిబిరాలకు, ఎందరో అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు చేరారు. 2011 జులైలో సుప్రీంకోర్టు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా ఆయుధాలిచ్చి దింపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఊరు వదిలినవాళ్లు ఇంటితోపాటు పెరడును, మట్టిలో దాగిన విత్తనాన్ని కూడా వదిలి వెళ్తారు. డబ్బు పెట్టి మళ్లీ కొనుక్కోలేని విత్తనం అది.

కాబట్టి వేడి పల్లె పెరట్లో బంగాళాదుంపకు తగిన స్థానం చలికాలపు అతిథిది. నవంబరులో వచ్చి ఫిబ్రవరిలో వెళ్లిపోయే పంట. కంద, పెండలం మొదళ్లను కదపకుండా, వంగ, మిరప వేయని మూల చూసుకుని, నీరు అందినంత మేరే వేసుకుంటే పిల్లలకు ఇష్టమైన కూర మూడు నెలలు ఇంట్లోనే దొరుకుతుంది. వంద గ్రాముల దుంపలో సుమారు 77 కేలరీలు, 2 గ్రాముల మాంసకృత్తులు, కొంత సి విటమిన్ ఉంటాయి. ఇందులో ప్రభుత్వం చేయగలిగిన సాయం పెద్దదేమీ కాదు. అక్టోబరు మూడో వారానికి ఇంటికి నాలుగు కిలోల మంచి విత్తనం చేర్చడం. అది నవంబరు చివర్లో వస్తే రానట్టే.